ఒకే దేహం, రెండు ఆటలు

ఒక ఆటలో రాష్ట్రస్థాయికి ఎదిగి, ఆ ప్రతిభ చూసి కళాశాల ఏరికోరి చేర్చుకున్న విద్యార్థి మరో ఆటలోనూ అదే కళాశాల జట్టులో నిలబడగలడా అన్న ప్రశ్నకు మైదానాల దగ్గర రెండు సమాధానాలు వినిపిస్తాయి. సత్తా ఉన్నవాడికి ఏ ఆటైనా ఒకటేనని కొందరు, రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏ ఒడ్డుకూ చేరడని మరికొందరు అంటారు. క్రీడాశాస్త్రం ఈ రెండు మాటల్లో దేన్నీ ఉన్నదున్నట్టుగా ఒప్పుకోదు. ఆ రెండు ఆటలు దేహంలో ఏయే భాగాలను శ్రమపెడతాయి, సంవత్సరంలో ఏ వారాల్లో ఒకదానిపై ఒకటి వచ్చి పడతాయి, ఆడేవాడి వయసెంత అన్నవి తేలకుండా సమాధానం చెప్పడం కుదరదని అది అంటుంది.

బాచుపల్లి వంటి చోట ఇది పుస్తకాలకే పరిమితమైన ప్రశ్న కాదు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఒకప్పుడు పల్లెగా ఉన్న ఈ ప్రాంతం ఇప్పుడు ఇంజనీరింగ్ కళాశాలలకు, జూనియర్ కళాశాలల హాస్టళ్లకు, ఐటీ ఉద్యోగుల అపార్ట్‌మెంట్లకు నెలవైంది, వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి, గోకరాజు రంగరాజు ఇంజనీరింగ్ కళాశాలలు ఇక్కడే ఉన్నాయి. తెలంగాణ ఇంజనీరింగ్ ప్రవేశాలలో క్రీడాకోటా 0.5 శాతం, అంటే 200 సీట్లకు ఒకటి, కాబట్టి ఆ దారిలో సీటు సంపాదించిన విద్యార్థి తన ఆటలో ఇప్పటికే ఎంతో ఎత్తుకు చేరినవాడై ఉంటాడు. విద్యార్థులు పీడీ సార్ అని పిలిచే ఫిజికల్ డైరెక్టర్‌కు మాత్రం తీరని కొరత ఒకటి ఉంటుంది: ఇంటర్ కాలేజియేట్ పోటీలు దగ్గరపడేసరికి అన్ని జట్లకూ సరిపడా మంచి ఆటగాళ్లు దొరకరు. కబడ్డీలో కూతకు వెళ్లి మెరుపులా తిరిగొచ్చే కుర్రవాణ్ని చూసినప్పుడు, ఇతణ్ని వాలీబాల్ నెట్ దగ్గర కూడా నిలబెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయనకు రావడం సహజం.

రెండు ఆటలు ఆడినవారు తెలుగు నేలకు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ మహమ్మద్ హాదీ క్రికెట్, టెన్నిస్, హాకీ, ఫుట్‌బాల్, టేబుల్ టెన్నిస్, చదరంగం, పోలో అనే ఏడు ఆటల్లో ప్రవీణుడు కావడంతో ఆయనకు రెయిన్‌బో హాదీ అన్న పేరు స్థిరపడింది. కేంబ్రిడ్జిలో చదువుకున్న ఈయన 1924 ప్యారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడారు, 1924, 1925 సంవత్సరాలలో డేవిస్ కప్ జట్టులో ఉన్నారు, ఆపైన 1934-35లో మొట్టమొదటి రంజీ ట్రోఫీ సీజన్‌లో హైదరాబాద్ తరఫున మద్రాసుపై 132 పరుగులతో అజేయంగా నిలిచి ఆ పోటీ చరిత్రలోనే తొలి సెంచరీ తన పేర రాయించుకున్నారు. దక్షిణ భారత క్రికెట్‌కు ఆద్యుడిగా పేరొందిన మద్రాసు తెలుగు ప్రముఖుడు బుచ్చిబాబు నాయుడి కుమారుడు కోటా రామస్వామిది ఇంకా విచిత్రమైన కథ. ఆయన 1922లో భారత్ తరఫున డేవిస్ కప్‌లో డబుల్స్ ఆడారు. 1936లో, నలభై ఏళ్లు నిండిన తర్వాత, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశారు. తర్వాతి టెస్టులో ఓవల్ మైదానంలో 29, 41 నాటౌట్‌తో ముగించి, రెండే టెస్టులలో 56కు పైబడిన సగటుతో చరిత్రలో మిగిలారు.

ఈ ఇద్దరినీ రెండు ఆటల వీరులుగా కీర్తించేవారు తేదీలను పక్కపక్కన పెట్టి చూడటం అరుదు. రామస్వామి డేవిస్ కప్‌కూ టెస్టు క్రికెట్‌కూ మధ్య పద్నాలుగేళ్లు గడిచాయి. హాదీ డేవిస్ కప్ రోజులకూ రంజీ సెంచరీకీ మధ్య దాదాపు పదేళ్లున్నాయి. రెండు ఆటలనూ వారు జీవితమంతా ఆడి ఉండవచ్చు గాని, రెండింటిలోనూ శిఖరాన్ని ఒకే కాలంలో ఎక్కలేదు. ఇంగ్లాండులో క్రికెట్, లాన్ టెన్నిస్ రెండూ వేసవి ఆటలే కాబట్టి అక్కడ చదువుకున్నవారికి ఒకే వేసవిలో రెండింటికీ పూర్తి న్యాయం చేసే వీలుండదు. రామస్వామికి కేంబ్రిడ్జి రోజుల్లో గుర్తింపు తెచ్చింది టెన్నిస్. రెండు శిఖరాలూ ఒకే ఏడాదిలో ఎదురైతే ఏం జరుగుతుందో అదే 1936 పర్యటనలో ఉన్న మరో మద్రాసు ఆటగాడు, తమిళుడైన ఎం.జె. గోపాలన్ జీవితం చూపించింది. ఆయన బెర్లిన్ ఒలింపిక్స్‌కు వెళ్లే హాకీ జట్టు అవకాశాన్ని వదులుకుని, విజయనగరం మహారాజకుమార్ నాయకత్వంలోని క్రికెట్ జట్టుతో ఇంగ్లాండుకు ఓడెక్కారు. ఆ పర్యటనలో ఆయనకు ఒక్క టెస్టూ దక్కలేదు. అటు హాకీ జట్టు ఫైనల్లో జర్మనీని 8-1తో ఓడించి స్వర్ణంతో తిరిగొచ్చింది. గోపాలన్‌ను అడ్డుకున్నది కాళ్లలో సత్తువ లేకపోవడం కాదు, క్యాలెండర్.

ఒకే కాలంలో రెండు ఆటలు అంతర్జాతీయ స్థాయిలో ఆడినవారు ఈ తరంలోనూ లేకపోలేదు. ఆస్ట్రేలియాకు చెందిన ఎలిస్ పెర్రీ 2007లో, పదహారేళ్ల వయసులో, రెండు వారాల వ్యవధిలోనే దేశం తరఫున క్రికెట్‌లో, ఫుట్‌బాల్‌లో అరంగేట్రం చేసింది, 2011 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో గోల్ కూడా కొట్టింది. అమెరికాలో కైలర్ ముర్రే ఓక్లహోమా విశ్వవిద్యాలయానికి వసంతంలో బేస్‌బాల్, శరదృతువులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి, 2018లో బేస్‌బాల్ లీగ్ ఎంపికలో తొమ్మిదో స్థానంలో, 2019లో ఫుట్‌బాల్ లీగ్ ఎంపికలో మొట్టమొదటి స్థానంలో నిలిచాడు. అక్కడి కళాశాలల్లో ఆ రెండు ఆటల సీజన్లు వేరు, పైగా సీజన్ నడుస్తున్నప్పుడు శిక్షణ రోజుకు నాలుగు గంటలు, వారానికి ఇరవై గంటలు మించకూడదన్న నిబంధన ఉంది. అయినా పెర్రీ చివరికి క్రికెట్‌తో, ఇంత అనుకూలత ఉన్న ముర్రే కూడా ఫుట్‌బాల్‌తో మిగిలారు. రెండు ఆటల ప్రయాణం ఎంత వైభవంగా సాగినా సాధారణంగా ఒక మలుపు దగ్గర ఆగుతుందన్న మాట.

క్యాలెండర్‌ను కాసేపు పక్కన పెట్టి దేహాన్ని చూడాలి. శిక్షణ అంటే దేహానికి కొలతగా దెబ్బ తగిలించి, అది కోలుకునే క్రమంలో మునుపటికంటే గట్టిపడేలా చేయడమే. అయితే దేహంలోని భాగాలన్నీ ఒకే వేగంతో గట్టిపడవు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాల్లోనే కొత్త భారానికి అలవాటు పడతాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే, డాక్టర్లు టెండాన్ అని పిలిచే గట్టి పోగుకు రక్తప్రసరణ తక్కువ కావడంతో నెలలు పడుతుంది. అందుకే కొత్తగా రెండో ఆట మొదలుపెట్టిన కుర్రవాడికి మూడో వారంలో ఆయాసం తగ్గి, అంతా బాగుందనిపిస్తుంది. మోకాలిచిప్ప కింద ఉన్న టెండాన్‌కు మాత్రం ఆ సంగతి ఇంకా తెలియదు. వాలీబాల్‌లో ఎగిరి దిగడం, కబడ్డీలో ఒక్కసారిగా ఆగి పక్కకు తిరగడం రెండూ అదే మోకాలి మీద పడతాయి. వాలీబాల్ ఆటగాళ్లలో ఈ టెండాన్ నొప్పి ఎంత సాధారణమంటే వైద్యులు దాన్ని ఎగిరేవారి మోకాలి జబ్బుగానే వ్యవహరిస్తారు. అదే విద్యార్థి కబడ్డీతో పాటు టేబుల్ టెన్నిస్ ఆడితే మోకాలికి ఇంత కష్టం ఉండదు. కాబట్టి రెండు ఆటలా అన్నదానికంటే, ఏ రెండు ఆటలు అన్నది పెద్ద ప్రశ్న.

కండరం లోపల మరో చిక్కు ఉంది. 1980లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హిక్సన్ పది వారాల పాటు ఒక బృందానికి బలం పెంచే వ్యాయామం, ఇంకో బృందానికి దమ్ము పెంచే వ్యాయామం, మూడో బృందానికి రెండూ కలిపి చేయించాడు. మూడో బృందంలో దమ్ము తగ్గలేదు గాని, బలం ఏడెనిమిది వారాల దాకా పెరిగి అక్కడ ఆగిపోయి, ఆఖరి వారాల్లో వెనక్కి తగ్గింది. దీన్ని జోక్య ప్రభావం అంటారు, అంటే ఒక శిక్షణ మరోదాని ఫలితంలో వేలు పెట్టడం. దీనికి కణస్థాయిలో చెప్పే వివరణ ఏమిటంటే, దీర్ఘశ్రమలో శక్తి తరిగినప్పుడు చైతన్యమయ్యే ఏఎంపీకే అనే ఎంజైము పొదుపు పాటించమని సూచిస్తుంది, బరువులెత్తినప్పుడు చైతన్యమయ్యే ఎంటార్ అనే ప్రోటీను కొత్త కండర ప్రోటీన్లు నిర్మించమని సూచిస్తుంది; మొదటిది బలంగా ఉన్నప్పుడు రెండోది మెత్తబడుతుంది. మనిషి దేహంలో వ్యవహారం ఇంత సూటిగా నడవదని తర్వాతి పరిశోధనలు చూపాయి. రెండు శిక్షణల మధ్య తగినన్ని గంటల ఎడం ఉన్నప్పుడు, మొత్తం శ్రమ మితంగా ఉన్నప్పుడు ఈ జోక్యం చాలా వరకు తగ్గుతుంది. కళాశాల స్థాయి ఆటగాడికి దీన్ని అడ్డంకిగా చూపించడం అతిశయోక్తే. దూరపు పరుగుతో పాటు వెయిట్‌లిఫ్టింగ్ చేస్తాననేవాడికి మాత్రం ఇది నిజమైన హెచ్చరిక.

అసలు ప్రమాదం దాగి ఉండేది లెక్కలో. కార్ల్ ఫోస్టర్ అనే శాస్త్రవేత్త రూపొందించిన ఒక తేలిక పద్ధతిలో, శిక్షణ ముగిశాక ఆటగాణ్ని ఎంత కష్టంగా అనిపించిందో సున్నా నుంచి పది వరకు ఒక అంకెలో చెప్పమని, ఆ అంకెను శిక్షణ సాగిన నిమిషాలతో గుణిస్తారు. వచ్చేదాన్ని శిక్షణ భారం అంటారు. పైన ఊహించుకున్న కబడ్డీ విద్యార్థి వారానికి నాలుగు రోజులు, రోజుకు 90 నిమిషాలు, కష్టం 7గా ఆడుతున్నాడనుకుంటే ఒక రోజుకు 630, వారానికి 2,520 వస్తుంది. నాలుగో వారంలో అతడు వాలీబాల్ ప్రాక్టీసుకు మూడు రోజులు, రోజుకు 60 నిమిషాలు, కష్టం 5గా వెళితే మరో 900 చేరి, మొత్తం 3,420 అవుతుంది. ఈ వారపు భారాన్ని ఈ వారంతో కలిపి గడిచిన నాలుగు వారాల సగటుతో భాగిస్తే, అంటే 3,420ని 2,745తో భాగిస్తే, సుమారు 1.25 వస్తుంది. 2016లో టిమ్ గాబెట్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం ఈ నిష్పత్తి 0.8, 1.3 మధ్య ఉంటే ముప్పు తక్కువ, 1.5 దాటితే గాయాల అవకాశం పెరుగుతుంది. ఆ లెక్కన ప్రాక్టీసు వారం గట్టెక్కింది.

ఆ వారంలో ప్రాక్టీసుకు బదులు వాలీబాల్ పోటీలే ఉన్నాయనుకుందాం. 90 నిమిషాల మ్యాచ్‌లు మూడు, కష్టం 8. వాటి భారం 2,160. కబడ్డీ 2,520 యథాప్రకారం సాగుతుంది. మొత్తం 4,680, నాలుగు వారాల సగటు 3,060, నిష్పత్తి 1.53. ఇక్కడ గమనించవలసింది ఆ అంకెకంటే అది ఎవరికీ కనిపించకపోవడం. కబడ్డీ కోచ్ దృష్టిలో కుర్రవాడు ఎప్పుడూ చేసినంతే చేశాడు, కొత్తగా పెంచిందేమీ లేదు. వాలీబాల్ కోచ్ దృష్టిలో మూడే మ్యాచ్‌లు, మిగతా ఆటగాళ్లకంటే తక్కువ శ్రమే. ఇద్దరూ తమ తమ పుస్తకాల్లో ఒప్పే రాసుకున్నారు. తప్పు ఏ పుస్తకంలోనూ లేదు, రెండు పుస్తకాలుండటంలోనే ఉంది. ఈ నిష్పత్తిని గణితపరంగా తప్పుపట్టిన ఫ్రాంకో ఇంపెల్లిజ్జెరి వంటి పరిశోధకులున్నారు, వారి విమర్శలో బలం ఉంది. ఒక్క అంకె గాయాన్ని జోస్యం చెప్పలేదు. అయినా భారం అకస్మాత్తుగా పెరగరాదన్న మూల సూత్రాన్ని కాదనేవారు అరుదు.

భారాన్ని మోసే దేహం కోలుకునేది నిద్రలో. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్టులోని 11 మందిని కొన్ని వారాల పాటు రాత్రికి పది గంటలు పడకమీద ఉండేలా చేసినప్పుడు వారి ఫ్రీ త్రో కచ్చితత్వం 9 శాతం మేర మెరుగుపడింది. చిన్న అధ్యయనం, పోల్చిచూడటానికి మరో బృందం కూడా లేదు, కాబట్టి దాన్ని శాసనంగా తీసుకోనక్కర్లేదు. కానీ తెల్లవారకముందే స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పొద్దుపోయాక ముగిసే హాస్టల్ దినచర్యలో రెండు ఆటలకు కాదు, ఒక ఆటకే సరిపడా నిద్ర దొరకదని చెప్పడానికి ఏ అధ్యయనమూ అవసరం లేదు.

ఇక నైపుణ్యం సంగతి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బౌలర్ చేతినుంచి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి అర సెకనుకంటే తక్కువే పడుతుంది, అందులో కంటితో చూసి స్పందించడానికే అయిదో వంతు సెకను పోతుంది. కాబట్టి మేటి ఆటగాడు బంతిని చూసి కాదు, బౌలర్ భుజం, మణికట్టు చూసి ముందే అంచనా వేస్తాడు. ఈ పసిగట్టే విద్య ఒక ఆటనుంచి మరో ఆటకు బదిలీ అవుతుందా అంటే, పాక్షికంగా అవుతుంది. బ్రూస్ అబెర్నెథీ, జోసెఫ్ బేకర్, జాన్ కోటే 2005లో నెట్‌బాల్, బాస్కెట్‌బాల్, హాకీ నిపుణులను పరీక్షించినప్పుడు, తమది కాని ఆటలో కూడా ఆటగాళ్ల కూర్పును గుర్తుపెట్టుకోవడంలో నిపుణులు సామాన్య ఆటగాళ్లకంటే మెరుగ్గా కనిపించారు. ఖాళీ ఎక్కడుందో చూసే కన్ను ఒక మైదానంలో అలవడితే పోలికలున్న మరో మైదానంలో కొంత పనికొస్తుంది. కదలిక విషయంలో మాత్రం పోలికే శత్రువు కావచ్చు. వంద గ్రాములైనా తూగని బ్యాడ్మింటన్ రాకెట్‌ను మణికట్టు, ముంజేయి విసురుతో ఆడటం అలవాటైనవాడు మూడు వందల గ్రాముల టెన్నిస్ రాకెట్‌ను అదే విసురుతో ఆడితే బంతితో పాటు మోచేయీ అదుపు తప్పుతుంది. దీన్ని ప్రతికూల బదలాయింపు అంటారు.

ఇంతవరకు వచ్చిన చర్చ పద్దెనిమిదేళ్లు నిండినవాడి గురించి. అంతకుముందు వయసులో ఏం జరిగిందన్నదే నిజానికి ఎక్కువ ముఖ్యం, ఇక్కడ శాస్త్రం దాదాపు ఒకే గొంతుతో మాట్లాడుతుంది. ఆర్నె గూలిష్, బ్రూక్ మెక్‌నమారా, డేవిడ్ హాంబ్రిక్ 2021లో ఆరు వేల మందికి పైగా క్రీడాకారుల సమాచారాన్ని కలిపి విశ్లేషించినప్పుడు ఒక విచిత్రం బయటపడింది. బాలల స్థాయిలో గెలిచేవారు తమ ఆటను త్వరగా మొదలుపెట్టి, అందులోనే ఎక్కువగా సాధన చేసి, త్వరగా పైకొచ్చినవారు. పెద్దయ్యాక ప్రపంచస్థాయికి చేరినవారు దీనికి భిన్నంగా, బాల్యంలో ఇతర ఆటలు ఎక్కువ ఆడి, తమ ప్రధాన ఆటలోకి కాస్త ఆలస్యంగా వచ్చి, మొదట్లో నెమ్మదిగా ఎదిగినవారు. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ బాక్సింగ్‌కు ముందు పరుగు పందేల్లో ఉంది. సైనా నెహ్వాల్ బ్యాడ్మింటన్‌కు ముందు కరాటే నేర్చింది. పుల్లెల గోపీచంద్ చిన్నప్పటి మక్కువ క్రికెట్ మీద. ఎనిమిదేళ్లకే బ్యాడ్మింటన్ పట్టిన పి.వి. సింధు ఎదురుగా నిలిచే ఉదాహరణ, పైగా చిన్నది కాదు. సగటులు వ్యక్తుల జాతకాలు కావు కాబట్టి ఆమె విజయం విశ్లేషణను కొట్టివేయదు, విశ్లేషణ ఆమె దారిని తప్పనదు.

గాయాల లెక్క మరింత సూటిగా ఉంది. నీరు జయంతి అనే వైద్యుడు, ఆయన సహచరులు 2015లో షికాగో ప్రాంతంలో వెయ్యి మందికి పైగా బాలబాలికలపై ప్రచురించిన అధ్యయనంలో, వారానికి తమ వయసుకంటే ఎక్కువ గంటలు వ్యవస్థీకృత క్రీడలో గడిపేవారిలో తీవ్రమైన అతివాడకపు గాయాలు ఎక్కువగా కనిపించాయి. అతివాడకపు గాయం అంటే ఒక్క దెబ్బతో కాకుండా ఒకే కదలిక వేలసార్లు పునరావృతం కావడంతో కలిగే గాయం. బాలికలకు సుమారు పన్నెండేళ్లకు, బాలురకు సుమారు పద్నాలుగేళ్లకు ఎత్తు అత్యంత వేగంగా పెరిగే దశలో, ఎముక చివర ఉండే మృదువైన ఎదుగుదల పలకలు ఇలాంటి పునరావృతికి తేలిగ్గా లొంగుతాయి. రెండు మూడు ఆటలు ఆడే పిల్లవాడిలో ఆ భారం వేర్వేరు కీళ్ల మీద పంచుకుపోతుంది.

బాచుపల్లి ఉన్న జిల్లాలోనే ఈ సూత్రాన్ని తనదైన పద్ధతిలో పాటించే సంస్థ ఒకటుంది. హకీంపేటలోని తెలంగాణ క్రీడా పాఠశాల నాలుగో తరగతిలో ప్రవేశానికి ఏ ఆటలో ప్రావీణ్యం ఉందని అడగదు. ముప్పై మీటర్ల పరుగు, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, ఎనిమిది వందల మీటర్ల పరుగు వంటి సాధారణ దేహసామర్థ్య పరీక్షలు పెడుతుంది. ఆట తర్వాత, దేహం ముందు అన్న క్రమం అది. అదే జిల్లాలో, ఆరో తరగతినుంచే ఐఐటీ ఫౌండేషన్ తరగతుల్లో కూర్చున్న పిల్లవాడికి దక్కే ఆట ఒక్కటి, అదీ కాలనీలో ఉన్న అకాడమీలో నెలవారీ ఫీజు కట్టిన ఆట. రెండు ఆటలు ఆడవలసిన పన్నెండేళ్ల వయసులో ఒకే ఆటకు కట్టిపడేసి, ఒక ఆటలో స్థిరపడవలసిన పద్దెనిమిదేళ్ల వయసులో రెండు జట్లకు పంచడం ఇక్కడి వ్యవస్థలో ఉన్న తలకిందుల తనం.

కళాశాలలో ఆ పంపకం ఎలా జరగాలన్నది చివరికి మిగిలే పని. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు చాలా వరకు శీతాకాలపు నెలల్లోనే కుప్పపడతాయి, సెమిస్టర్ పరీక్షలూ ఆ దరిదాపుల్లోనే వస్తాయి, జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల్లో 75 శాతం హాజరు తప్పనిసరి. అమెరికాలో ముర్రేకు అందిన వసంతం, శరత్తు అనే విభజన ఇక్కడి విద్యార్థికి లేదు. ఇక్కడ రెండు ఆటలంటే ఒకే ఋతువులో రెండు ఆటలు. కాబట్టి సీటు తెచ్చిన ఆట ప్రధానమని, రెండో ఆట దానికి లోబడి ఉంటుందని విద్యాసంవత్సరం మొదట్లోనే తేల్చుకోవాలి; రెండో ఆట మోకాలి మీద కాకుండా మరో భాగం మీద ఆధారపడేదైతే మేలు; పోటీల వారంలో ప్రధాన ఆట ప్రాక్టీసును సగానికి తగ్గించడానికి దాని కోచ్ ముందుగానే ఒప్పుకోవాలి. పై లెక్కలో కబడ్డీని 1,260కి తగ్గిస్తే మొత్తం 3,420కి దిగి, నిష్పత్తి మళ్లీ 1.25 దగ్గరే నిలుస్తుంది. ఆ రెండు భారాలను ఒకే కాగితం మీద కూడి చూసే పీడీ ఉన్న కళాశాలలో ప్రతిభావంతుడైన విద్యార్థి రెండు ఆటలూ ఆడవచ్చు. అలాంటివారు లేని కళాశాలలో, అతడెంతటి ఆటగాడైనా, రెండో జట్టు సెలక్షన్‌కు వెళ్లకపోవడమే క్షేమం.